ఏ ప్రశ్న ఎవరి ముందు పెట్టాలి?

ప్రశ్న: నేను ఫిజిక్స్‌లో పీజీ చేస్తున్నాను. మా నాన్నగారు భక్తిపరులు. ఈమధ్య ఆయన వీడియోలు చూసి, "అన్నిటికీ మూలం చైతన్యమేనని క్వాంటం ఫిజిక్స్ నిరూపించింది, బిగ్‌బ్యాంగ్ అంటే దేవుడి సృష్టే, పరమాణువుల గురించి కణాదుడు ఎప్పుడో చెప్పాడు" అంటున్నారు. నా స్నేహితురాలేమో, "ప్రయోగానికి అందని మాటకు అర్థమే ఉండదు, మతమూ మెటాఫిజిక్సూ రెండూ వదిలెయ్" అంటుంది. ఇద్దరి మాటా నాకు పూర్తిగా మింగుడుపడదు, అలాగని ఎదురు చెప్పడమూ రాదు. ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను ఇప్పటికీ రోజూ ప్రార్థన చేసుకుంటాను. నేను చదివే చదువుకు ద్రోహం చేస్తున్నానా?
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు చివరి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. లేదు, మీరు ద్రోహం చేయడం లేదు. అయితే ఈ మాట ఊరటకోసం అన్నట్టు వదిలేస్తే మీకు ఉపయోగం ఉండదు. ఎందుకు ద్రోహం కాదో తెలియాలంటే మీ ఇంట్లోనూ క్లాసులోనూ వినబడుతున్న మాటల్ని ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

మీ నాన్నగారూ మీ స్నేహితురాలూ ఎదురెదురుగా నిలబడినట్టు కనిపిస్తున్నారు. నాకు మాత్రం ఇద్దరి కోరికా ఒకటే అనిపిస్తోంది. సైన్సు అసలు విచారణకే తీసుకోని ప్రశ్న మీద సైన్సు చేత తీర్పు చెప్పించాలని ఇద్దరూ చూస్తున్నారు. ఆ తీర్పు ఎటు రావాలన్న దగ్గరే తేడా.

బిగ్‌బ్యాంగ్‌తో మొదలుపెడదాం. ఆ ఆలోచనకు పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు జార్జ్ లెమైత్ర్. బెల్జియం దేశస్థుడు, క్యాథలిక్ ఫాదర్. విశ్వం వ్యాకోచిస్తోందని ఐన్‌స్టైన్ సమీకరణాల నుంచి 1927లో రాబట్టాడు. వెనక్కి వెళ్తే అంతా ఒక ఆదిమ పరమాణువు దగ్గరికి చేరుతుందని 1931లో 'నేచర్' పత్రికలో రాశాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1951 నవంబరులో, పోప్ పన్నెండో పయస్ పాంటిఫికల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో ప్రసంగిస్తూ, ఆధునిక సైన్సు సృష్టికి సాక్ష్యం పలుకుతోందన్న ధోరణిలో మాట్లాడారు. మీ నాన్నగారు ఇప్పుడు అంటున్నది అదే మాట. ఆ ప్రసంగం విని అందరికంటే ఎక్కువ సంతోషించాల్సినవాడు లెమైత్రే అనుకుంటాం కదా. ఆయన నొచ్చుకున్నాడు. తన సిద్ధాంతం మతానికీ తత్త్వానికీ చెందిన ప్రశ్నలకు పూర్తిగా బయట ఉందనీ, దేవుణ్ణి కాదనే స్వేచ్ఛను అది భౌతికవాదికి కూడా వదిలిపెడుతుందనీ తర్వాత స్పష్టంగా చెప్పాడు.

అదే కాలంలో ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హాయిల్ ఇంకో వైపు నుంచి ఇదే ముడి వేశాడు. ఆయన నాస్తికుడు. విశ్వానికి ఆరంభం అనేసరికి అందులో మతం వాసన తగిలింది ఆయనకు. 1948లో బాండీ, గోల్డ్ అనే ఇద్దరితో పాటు స్థిరస్థితి సిద్ధాంతాన్ని, అంటే విశ్వానికి ఆరంభం లేదు, అది ఎప్పుడూ ఒకేలా ఉంటుందన్న వాదాన్ని, ముందుకు తెచ్చాడు. 'బిగ్ బ్యాంగ్' అన్న పేరు కూడా 1949లో బీబీసీ రేడియో ప్రసంగంలో ఆయన నోటి నుంచి వచ్చిందే. చివరికి తేల్చింది ఎవరి నమ్మకమూ కాదు. 1964లో పెంజియాస్, విల్సన్ ఒక రేడియో ఆంటెన్నాలో ఎంత ప్రయత్నించినా పోని రొదను గమనించారు. ఆకాశంలో ఎటు తిప్పినా అంతే. అది దాదాపు మూడు కెల్విన్ ఉష్ణోగ్రత దగ్గరుండే వికిరణం, ఒకప్పుడు విశ్వం వేడిగా, చిక్కగా ఉండేదనడానికి మిగిలిన ఆనవాలు. స్థిరస్థితి సిద్ధాంతం దాంతో దాదాపు ముగిసింది.

ఆంటెన్నా తేల్చింది ఎంతవరకో గమనించండి. విశ్వం ఒకప్పుడు వేడిగా, చిక్కగా ఉండేదన్నంత వరకే. లెక్కను ఇంకా వెనక్కి నడిపితే సాపేక్ష సిద్ధాంతమే చేతులెత్తేస్తుంది, కాబట్టి 'మొట్టమొదటి క్షణం' అన్న మాట కూడా భౌతికశాస్త్రం ఖాయం చేయలేదు. 'అసలు విశ్వం అంటూ ఎందుకుంది?' అన్నది ఆంటెన్నాకు ముందు ఎక్కడుందో తర్వాతా అక్కడే ఉంది. క్వాంటం శూన్యం నుంచి విశ్వం దానంతటదే పుట్టగలదని చెప్పి ఆ ప్రశ్నను కొట్టేసేవాళ్లూ ఉన్నారు. ఆ శూన్యంలో క్షేత్రాలున్నాయి, నియమాలున్నాయి. ఏమీ లేకపోవడమంటే అది కాదు, అవి ఎందుకున్నాయన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

సైన్సు అప్పటికి వివరించలేకపోయిన చోట దేవుణ్ణి కూర్చోబెట్టడం మతానికే చేటు. న్యూటన్ అంతటివాడు గ్రహాల కక్ష్యలు మెల్లగా గతి తప్పుతాయనీ, దేవుడే వాటిని సరిదిద్దాలనీ అనుకున్నాడు. గురు, శని గ్రహాల గతుల్లో తేడాలు దాదాపు తొమ్మిది వందల ఏళ్లకోసారి తిరిగొచ్చే హెచ్చుతగ్గులేనని 1785లో లాప్లాస్ లెక్కకట్టి చూపించాడు. దేవుడికి అప్పగించిన ఆ పని ఒక గణిత పత్రంతో పోయింది. లెమైత్ర్ ఆందోళనను నేను ఇలాగే అర్థం చేసుకుంటాను. రేపు బిగ్‌బ్యాంగ్‌కు ముందు కూడా ఏదో దశ ఉందని తేలితే, దాని మీద నిలబెట్టిన విశ్వాసం ఏమవ్వాలి?

ఇక మీ స్నేహితురాలి మాట. ప్రయోగానికి అందనిదానికి అర్థం లేదన్న వాదానికి పెద్ద చరిత్రే ఉంది. 1920లలో, 30లలో వియన్నాలో ఒక తాత్త్వికుల బృందం దాన్ని ఎంతో నిష్ఠగా నిలబెట్టే ప్రయత్నం చేసింది. చిక్కు ఆ వాక్యంలోనే ఉంది. 'ప్రయోగానికి అందనిదానికి అర్థం లేదు' అన్న మాటను ఏ ప్రయోగంతో పరీక్షిస్తాం? ఆ గీటురాయి మీద ముందు అదే నిలవదు. 1934లో తాత్త్వికుడు కార్ల్ పాపర్ ఇంకాస్త జాగ్రత్తగా గీత గీశాడు. తప్పని తేలే అవకాశం ఉంటే ఆ సిద్ధాంతం సైన్సు. అలా లేనిది సైన్సు కాకపోవచ్చు, అంతమాత్రాన అర్థంలేనిదైపోదు.

పరమాణువు కథే దానికి సాక్ష్యం. ఎర్నెస్ట్ మాహ్ పేరు మీరు శబ్దవేగం దగ్గర చదివే ఉంటారు. పరమాణువులు నిజంగా ఉన్నాయని ఆయన ఒప్పుకోలేదు. కంటికి కనబడనివి, లెక్కల సౌకర్యానికి పెట్టుకున్నవి, వాటిని ఉన్నాయనడం తత్త్వమీమాంస (మీ స్నేహితురాలు వదిలెయ్యమన్న మెటాఫిజిక్స్, అంటే అసలు ఏముంది, ఎందుకుంది అన్న విచారణ) అన్నాడు. మీ స్నేహితురాలు ఆ రోజుల్లో ఉంటే ఆయన పక్షానే నిలబడేది. నీటిలో నలుసులు ఎందుకు అలా అటూ ఇటూ కదులుతాయో 1905లో ఐన్‌స్టైన్ లెక్క చెప్పాడు. 1908 నుంచి జాఁ పెరాఁ సూక్ష్మదర్శిని కింద ఆ లెక్కను సరిచూశాడు. అప్పటిదాకా పరమాణువుల్ని ఒప్పుకోని రసాయన శాస్త్రజ్ఞుడు ఓస్ట్‌వాల్డ్ కూడా మనసు మార్చుకున్నాడు. రెండువేల ఏళ్లకు పైగా తాత్త్వికులు తర్కించుకున్న విషయం మూడు నాలుగేళ్లలో ప్రయోగశాలలోకి వచ్చింది. అర్థం లేదని ముందే పారేసి ఉంటే, వెతకడానికంటూ ఏముండేది?

ఇలాంటిదే ఇంకొకటి మీ సిలబస్‌లోనే ఉంది. క్వాంటం సిద్ధాంతం సంపూర్ణమేనా అని 1935 నుంచి ఐన్‌స్టైన్‌కూ బోర్‌కూ నడిచిన వాదాన్ని చాలామంది భౌతికశాస్త్రజ్ఞులు తత్త్వం కబుర్లుగా తీసి పక్కన పెట్టారు. దాన్ని ప్రయోగంతో తేల్చవచ్చని 1964లో జాన్ బెల్ చూపించాడు. క్లౌజర్, ఆస్పె, జైలింగర్ ఆ ప్రయోగాలు చేశారు, 2022లో నోబెల్ అందుకున్నారు. కొలవకముందే కణానికి ఖాయమైన విలువలు ఉంటాయి, దూరంగా జరిగేది దాన్ని తాకదు అన్న రెండు నమ్మకాలను కలిపి పట్టుకోవడం ఇక కుదరదని తేలింది. ఏబ్నర్ షిమోనీ అనే తాత్త్వికుడు దీన్ని ప్రయోగాత్మక తత్త్వమీమాంస అన్నాడు. సైన్సుకూ తత్త్వమీమాంసకూ మధ్య గోడ ఉందనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదంతం దగ్గర ఆగి ఆలోచించాలి.

అక్కడితో అంతా తేలిపోయిందా అంటే, లేదు. క్వాంటం లెక్కలు ప్రపంచం గురించి ఏం చెబుతున్నాయన్న దానికి ఒకటికి మించి వ్యాఖ్యానాలున్నాయి. 1952 నాటి బోమ్ వ్యాఖ్యానం ఉంది, 1957 నాటి ఎవరెట్ బహుళ ప్రపంచాలు ఉన్నాయి, పాఠ్యపుస్తకాల్లో ఉండే కోపెన్‌హాగెన్ పద్ధతి ఉంది. మీరు ల్యాబ్‌లో చేయగలిగే ప్రయోగాలకు ఈ మూడూ ఒకే ఫలితం చెబుతాయి. వాటి నుంచి ఒకటి ఎంచుకోవాలంటే ఏది సరళం, ఏది పొందికగా ఉంది, ఏది మనల్ని మరీ ఎక్కువ వాటిని నమ్మమనడం లేదు అని బేరీజు వేసుకోవాల్సిందే. ఆ పని చేస్తున్నంతసేపూ మీ స్నేహితురాలు తత్త్వమీమాంసలోనే ఉంటుంది, తనకు తెలియకపోయినా సరే.

మీ నాన్నగారి క్వాంటం మాటకూ ఇక్కడే జవాబుంది. చైతన్యమే కొలతను పూర్తి చేస్తుందన్న ఊహ గాలిలోంచి పుట్టింది కాదు. 1961లో యూజీన్ విగ్నర్ అంతటి భౌతికశాస్త్రజ్ఞుడు దాన్ని సమర్థించాడు. తర్వాత ఆయనే దాని నుంచి వెనక్కి తగ్గాడు. కొలత అంటే కణం ఒక పరికరంతో, చుట్టూ ఉన్న పరిసరంతో ముడిపడడం. చూసే మనిషి గదిలో ఉన్నా లేకున్నా డిటెక్టర్ తన పని తాను చేస్తుంది. కాబట్టి చైతన్యం మూలమన్నది ఒక తాత్త్విక పక్షంగా ఉండవచ్చు, దానికోసం వాదించవచ్చు. 'నిరూపించింది' అన్న క్రియ మాత్రం వాడకూడదు. మీ నాన్నగారితో పేచీ పెట్టుకోవాల్సింది ఆ ఒక్క క్రియ దగ్గరే.

కణాదుడి విషయంలో నాకు మీ నాన్నగారి మీద కాస్త ఫిర్యాదుంది. ఆయన కణాదుణ్ణి తక్కువ చేస్తున్నారు! కణాదుడి దర్శనాన్ని అనుసరించిన వైశేషికుల పరమాణువు మెండలీవ్ పట్టికలో ఉండేది కాదు. భూమి, నీరు, తేజస్సు, వాయువు అని నాలుగు రకాలు. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, అవి మూడు కలిస్తే త్ర్యణుకం. సూర్యకిరణంలో ఎగిరే నలుసే కంటికి కనిపించే ఆ త్ర్యణుకం అన్నారు. కెమిస్ట్రీగా చూస్తే ఇది నిలవదు. అసలు విలువ వాళ్లు చూపిన కారణంలో ఉంది. వస్తువుల్ని అంతులేకుండా ముక్కలు చేస్తూ పోవచ్చంటే, మేరు పర్వతానికీ అనంతమైన ముక్కలుంటాయి, ఆవగింజకూ అనంతమైన ముక్కలుంటాయి. మరి రెండిటి పరిమాణంలో తేడా ఎక్కడి నుంచి వచ్చింది? కాబట్టి ఎక్కడో ఒక చోట ముక్కలు ఆగాలి. ఏ పరికరమూ లేకుండా కేవలం ఆలోచనతో ఇంత దూరం రావడం గొప్ప సంగతి. ఈ వాదం ఇప్పుడు నిలవదని మీకు తెలుసు. అనంతమైన పదాలున్న రెండు శ్రేణుల మొత్తాలు వేరువేరుగా ఉండవచ్చు. అయితే దాన్ని పడగొట్టింది ప్రయోగం కాదని గమనించారా? ఇంకో వాదం వచ్చి పడగొట్టింది. తత్త్వమీమాంసలో గెలుపోటములు తేలేది అలాగే. తోచినట్టు మాట్లాడుకునే చోటైతే మేరువూ ఆవగింజా అన్న వాదం ఓడిపోయే అవకాశమే ఉండేది కాదు.

దేవుడి గురించిన వాదాలూ ఈ రంగానివే. కుండకు కుమ్మరి ఉన్నట్టు, కార్యమైన ఈ జగత్తుకూ ఒక కర్త ఉండాలని న్యాయదర్శనానికి చెందిన ఉదయనుడు వాదించాడు. ఆయనకు చాలా ముందే బౌద్ధుడైన ధర్మకీర్తి ఈ తరహా వాదానికి గట్టి ఎదురు ప్రశ్న వేసి ఉంచాడు. మట్టితో అయినది కాబట్టి కుమ్మరి చేసి ఉండాలంటే, పుట్టను కూడా కుమ్మరే చేశాడనాలి కదా! నాకు ఇంకా ఆశ్చర్యం కలిగించేది కుమారిల భట్టు. వేదప్రామాణ్యం కోసం జీవితమంతా పోరాడినవాడు, సృష్టికర్తను మాత్రం ఒప్పుకోలేదు. ఏ శరీరంతో సృష్టించాడు? దయతో అంటారా, జీవులే లేనప్పుడు ఎవరి మీద దయ? అని నిలదీశాడు. మతం అంటే దేవుడు, సైన్సు అంటే దేవుడు లేకపోవడం అన్న లెక్కలో కుమారిలుణ్ణి ఎక్కడ కూర్చోబెడతాం? ఆ లెక్క మొదటి నుంచీ తప్పు. దేవుడున్నాడా అన్నది వాదంతో పరిశీలించే ప్రశ్న. వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నవాళ్లలోనూ దానికి 'లేడు' అన్నవాళ్లున్నారు.

మీరు చేసే ప్రతి ప్రయోగం కింద కూడా ఇలాంటి ఒక ప్రశ్న ఉంది. నిన్నటి నియమం రేపూ పనిచేస్తుందని ఎలా తెలుసు? పొగ ఉన్న చోటల్లా నిప్పుంటుందని చూసిన చోట్ల గురించి చెప్పగలరు, చూడని చోట్ల గురించీ రాబోయే కాలం గురించీ ఎలా చెబుతారని చార్వాకులు అడిగారు. పద్దెనిమిదో శతాబ్దంలో తాత్త్వికుడు డేవిడ్ హ్యూమ్ అడిగిందీ ఇలాంటిదే. ఇది తేలకపోయినా సైన్సు ఆగలేదు, ఆగనక్కర్లేదు. కానీ 'మేం ఏదీ ముందుగా ఒప్పుకోం, అన్నీ పరీక్షిస్తాం' అన్న గొప్ప మాత్రం సైన్సు పేరిట చెప్పుకోకూడదు.

ఇన్ని చెప్పాక, 'సైన్సు వాస్తవాలు చూసుకుంటుంది, మతం విలువలు చూసుకుంటుంది, ఎవరి హద్దులో వాళ్లుంటే గొడవే లేదు' అని ముగిస్తానేమో అనుకోవచ్చు. జీవశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ జే గూల్డ్ 1997లో ఇంచుమించు ఆ రాజీయే ప్రతిపాదించాడు. వినడానికి హాయిగా ఉంటుంది. నేను ఒప్పుకోలేను. మతాలు విలువలు మాత్రమే చెప్పి ఊరుకోవు, ప్రపంచం గురించి కూడా చెబుతాయి. భూమి వయసు కొన్ని వేల ఏళ్లేనని ఎవరైనా అంటే, అది సుమారు 454 కోట్ల ఏళ్లని రాళ్లలోని యురేనియమే చెబుతోంది. అక్కడ ఏ గ్రంథానికీ మినహాయింపు లేదు.

ప్రార్థనకూ ఇది వర్తిస్తుంది, మీకు కష్టంగా ఉన్నా చెప్పాలి. ఇతరుల ప్రార్థన వల్ల రోగులు కోలుకుంటారా అని అమెరికాలో బైపాస్ ఆపరేషన్ అయిన 1,802 మంది మీద ఒక పెద్ద అధ్యయనం చేసి 2006లో ప్రచురించారు. ప్రార్థిస్తారో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన అందినవారిలో 52 శాతం మందికీ, అందనివారిలో 51 శాతం మందికీ ఇబ్బందులు వచ్చాయి. తమకోసం తప్పక ప్రార్థిస్తారని తెలిసినవారిలో 59 శాతం మందికి వచ్చాయి. కాబట్టి ప్రార్థన మందులా పనిచేస్తుందని ఎవరైనా అంటే, ఆ మాట పరీక్షకు నిలబడలేదని మీరు నిర్మొహమాటంగా చెప్పవచ్చు, చెప్పాలి కూడా.

మీ ప్రార్థన అలాంటిదేనా అన్నది మీరే చూసుకోవాలి. కృతజ్ఞత చెప్పుకోవడం, చేసిన తప్పు ఒప్పుకోవడం, భరించలేని దాని ముందు కాసేపు నిలబడగలగడం, వీటిలో ఏదీ ఆ అధ్యయనంలో పరీక్షకు రాలేదు. అయితే 'ప్రార్థన కేవలం మనశ్శాంతి కోసం' అన్న సులువైన దారి మీకు చూపించను. మీరు ఎవరితోనో మాట్లాడుతున్నారు. వినేవారున్నారన్న నమ్మకమో, కనీసం ఆశో అందులో ఉంది. అది తాత్త్వికమైన నమ్మకం. దాన్ని కుమారిలుడి ప్రశ్నల ముందూ, ధర్మకీర్తి ప్రశ్నల ముందూ, లోకంలోని అకారణమైన బాధ వేసే ప్రశ్న ముందూ అప్పుడప్పుడూ నిలబెట్టండి. నిలవవచ్చు, మారవచ్చు, పోనూవచ్చు. పీజీ పూర్తయ్యేలోపు తేలాలన్న గడువేమీ లేదు.

ద్రోహం అంటే ఏమిటో కూడా చెబుతాను. ఫలితం నమ్మకానికి నచ్చలేదని డేటాను దిద్దడం ద్రోహం. నమ్మకాన్ని అమ్ముకోవడానికి క్వాంటం పేరు వాడడం ద్రోహం. 1979లో భౌతికశాస్త్రం నోబెల్ పంచుకున్న ముగ్గురిలో అబ్దుస్ సలాం నిష్ఠగల ముస్లిం, స్టీవెన్ వైన్‌బర్గ్ దాపరికం లేని నాస్తికుడు. విద్యుదయస్కాంత బలాన్నీ దుర్బల కేంద్రక బలాన్నీ కలిపే ఒకే సిద్ధాంతానికి ఇద్దరూ విడివిడిగా చేరుకున్నారు. ఆ సమీకరణాల్లో ఎక్కడ వెతికినా ఏది ఏ నమ్మకం ఉన్న చేతితో రాసిందో కనిపెట్టలేరు.

మీ నాన్నగారితో మొత్తం వాదానికి దిగకండి. ఒక్క ప్రశ్న అడగండి: "రేపు క్వాంటం ఫిజిక్స్ ఇంకోలా తేలితే మీరు ధ్యానం మానేస్తారా నాన్నా?" మానేయనంటారనే నా నమ్మకం. అప్పుడు, మీ విశ్వాసం ఆ వీడియోల మీద ఆధారపడి లేదు కదా అని నెమ్మదిగా చెప్పవచ్చు. మీ స్నేహితురాలిని క్వాంటం వ్యాఖ్యానాల్లో తనకు ఏది నచ్చుతుందో, ఎందుకు నచ్చుతుందో అడగండి. తన కారణాల్లో ఎన్ని ల్యాబ్ నుంచి వచ్చాయో తనే లెక్కపెట్టుకుంటుంది. మీరు ప్రార్థన చేసుకుంటారన్న సంగతి తనకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పి తీరాల్సిన బాధ్యత మీకు లేదు.

ఇక మేరువూ ఆవగింజా వాదం. దాన్ని మీ నాన్నగారికి మీరే వివరించి, అనంత శ్రేణితో ఎక్కడ తెగిపోతుందో కాగితం మీద వేసి చూపించండి. కణాదుడంటే ఆయనకున్న ప్రేమ దానివల్ల తగ్గదు. మీరు చదువుతున్నదేమిటో కూడా ఆయనకు మొదటిసారి దగ్గరగా తెలుస్తుంది.